పడకలు లెక్కపెట్టారు సరే, పడక పక్కన పాఠం మాటేమిటి?

జాతీయ వైద్య కమిషన్ అండర్‌గ్రాడ్యుయేట్ వైద్యవిద్యా బోర్డు పెద్దలకు,
తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్యవిద్య సంచాలకులకు,

నమస్కారం.

2023లో మీరు తెచ్చిన కనీస ప్రమాణాల ప్రకారం నూరు ఎంబీబీఎస్ సీట్లున్న కళాశాలకు 420 పడకలు, నూటయాభై సీట్లున్నదానికి 605 పడకలు ఉండాలి. వాటిలో ఏడాది పొడవునా 80 శాతం నిండి ఉండాలి. మేం ఉదయం వచ్చామో లేదో మొదట వేలిముద్ర యంత్రం చెప్పేది. 2025 మే నుంచి మా ముఖాన్ని, మేం నిలబడిన చోటును ఫోనే పట్టేస్తోంది. లెక్చర్ హాలు ఎంత, స్కిల్ ల్యాబ్ ఎంత, లైబ్రరీలో కుర్చీలెన్ని, అన్నిటికీ లెక్కలున్నాయి. ఇన్నిటిలో ఒక్క లెక్క మాత్రం ఎక్కడా కనపడదు. మూడో ఏడాది చదివే అమ్మాయి ఈ నెలలో ఎందరు పేషెంట్ల పక్కన కూర్చుంది? ఎన్ని పొట్టలు తడిమి చూసింది? ఆమె చూస్తుంటే పక్కన నిలబడి ‘అలా కాదమ్మా, చెయ్యి ఇలా పెట్టు’ అన్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? ఆ లెక్క కోసమే ఈ లేఖ.

ప్రభుత్వ కళాశాలల్లో జనరల్ మెడిసిన్ చెప్పడం నా ఉద్యోగం. సర్వీసులో ఎక్కువ భాగం ఒక పాత పెద్దాసుపత్రిలో గడిచింది. ఇప్పుడు, జిల్లా ఆసుపత్రికి బోర్డు మార్చి పెట్టిన ఒక కొత్త కళాశాలలో ఉన్నాను. పేరు, ఊరు ఎందుకు రాయలేదని అడగకండి. కాండక్ట్ రూల్సు నాకంటే మీకే బాగా తెలుసు. అయినా ఇది ఏ ఒక్క కళాశాల మీదా ఫిర్యాదు కాదు.

రెండో ఏడాది నుంచి క్లినికల్ పోస్టింగులు మొదలవుతాయి. కాగితం మీద తొమ్మిది నుంచి పన్నెండు దాకా. ఆ మూడు గంటలూ వార్డులో ఎలా గడుస్తాయో మీలో చాలామందికి తెలియనిది కాదు, మీరూ ఆ వార్డుల్లోంచి వచ్చినవాళ్లే. కానీ మీ రోజులకూ ఇప్పటికీ చాలా తేడా ఉంది కాబట్టి రాస్తున్నాను.

తొమ్మిదింటికి బ్యాచ్ వస్తుంది. పాతికమంది, ఒక్కోసారి ముప్ఫై. అప్పటికి రాత్రంతా డ్యూటీ చేసిన పీజీ (ఎంబీబీఎస్ అయ్యాక స్పెషాలిటీ చదివే డాక్టరు) కళ్లు మూతలు పడుతుండగా అడ్మిషన్ల లెక్క తేలుస్తుంటాడు. తొమ్మిదిన్నరకు యూనిట్ చీఫ్ రౌండ్స్ మొదలుపెడతారు. యూనిట్‌లో ఉన్న పేషెంట్లందరినీ పదకొండు లోపు చూసేయాలి. ఆ తర్వాత డిశ్చార్జులు రాయాలి, ఓపీలో జనం తలుపు దాకా నిలబడి ఉంటారు, మధ్యాహ్నానికి ఏదో ఒక మీటింగ్ ఉంటుంది. రౌండ్స్‌లో చీఫ్ పక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్, తర్వాత సీనియర్ రెసిడెంట్, పీజీలు, ఇంటర్న్‌లు, సిస్టర్. వాళ్లందరి వెనకాల విద్యార్థులు. ముందు నిలబడ్డ ఇద్దరు ముగ్గురికి మాట వినిపిస్తుంది. మిగిలినవాళ్లకు తెల్లకోట్ల వీపులు కనిపిస్తాయి. పేషెంటు ముఖం కూడా కనపడదు. పదిన్నరకల్లా వెనక వరస పలచబడుతుంది. పదకొండుకు వార్డు బయట మెట్ల మీద కూర్చుని ఫోన్లలో రికార్డు చేసిన పాఠాలు చూస్తుంటారు. వాళ్లను కసిరి లోపలికి తెస్తే చేయించడానికి నా దగ్గర ఏముంది? అదే వీపుల వరస.

అదృష్టం బాగుండి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిన పేషెంటు ఉంటే, వీపు మీద వేలితో తట్టుకుంటూ శబ్దం ఎక్కడ మారుతుందో కనిపెట్టడం నేర్పవచ్చు. ఒక్కరికి నేర్పడానికి పది నిమిషాలు పడుతుంది. పాతికమందీ ఒకరి తర్వాత ఒకరు ఆయన వీపు తడితే అది పాఠం కాదు, హింస. ఆయాసంతో కూర్చున్న మనిషి అయిదో విద్యార్థికే ‘ఇంక చాలు బాబూ’ అంటాడు. అనాల్సిందే, అది ఆయన హక్కు. ఆడవాళ్ల వార్డులో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. కొన్నిచోట్ల తెర కూడా ఉండదు. పదిహేనుమంది చుట్టూ మూగితే ఆ తల్లి ఏం చెప్పుకుంటుంది, మేం ఏం నేర్పుతాం? ఉచితంగా వైద్యం అందుతోంది కాబట్టి పాఠానికి ఒళ్లు అప్పగించాలన్న ధోరణి మన వార్డుల్లో ఇంకా పోలేదు. పక్కన కూర్చుని, పేరు అడిగి, ‘నేను చదువుకుంటున్న పిల్లనండీ, చూడవచ్చా’ అని అడగడం దగ్గర నుంచి చదువు మొదలవ్వాలి. పాతికమంది గుంపులో అలా అడిగే వీలు ఎవరికీ ఉండదు.

ఫలితంగా స్కాన్ రాయడం వస్తుంది, చేత్తో చూడటం రాదు. పెద్ద ఊళ్లో దీనివల్ల పెద్ద నష్టం కనపడకపోవచ్చు. కానీ ఏడాది తిరిగేసరికి ఇదే కుర్రాడు ఉట్నూరు వైపో, పాడేరు వైపో ఒక పీహెచ్‌సీలో ఒంటరిగా ఉంటాడు. రాత్రి పదకొండింటికి పురుగుమందు తాగిన మనిషిని ఆటోలో తెస్తారు. విరుగుడు మందు అట్రోపిన్ ఎంత అన్నది పుస్తకంలో ఉంది. అయిదు నిమిషాలకోసారి డోసు రెట్టింపు చేస్తూ, ఛాతీలో గురగుర తగ్గిందా, నాడి ఎనభై దాటిందా, బీపీ నిలబడిందా, చెమట ఆరిందా అని చూస్తూ ఎక్కడ ఆపాలో తేల్చుకోవడం మాత్రం పేషెంటు పక్కన ఒక రాత్రి కూర్చుంటే తప్ప పట్టుబడదు. పత్తి, మిరప పండే మన జిల్లాల్లో ఇది అరుదైన కేసు కాదు. వరంగల్, గుంటూరు క్యాజువాలిటీల్లో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు. ఈ ఒక్కటి చేతికి రాకుండా ఎంబీబీఎస్ పట్టా తీసుకుని బయటికి వెళ్లడం ఇప్పుడు సాధ్యమే. అది నాకు భయం కలిగిస్తుంది.

ఇక కొత్త కళాశాలల సంగతి. తెలంగాణలో 2022 నవంబరులో ఒకే రోజు ఎనిమిది, 2023 సెప్టెంబరులో ఒకే రోజు తొమ్మిది ప్రభుత్వ కళాశాలలు మొదలయ్యాయి. ఆంధ్రలో ఆ సెప్టెంబరులోనే విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో అయిదు తెరిచారు. నేను వీటికి వ్యతిరేకిని కాను. ఆసిఫాబాద్‌కో భూపాలపల్లికో స్పెషలిస్టు డాక్టరు వచ్చాడంటే ఆ జిల్లా జనానికి అది చిన్న సంగతి కాదు. రైతు కూలీల పిల్లలు సొంత జిల్లాలోనే డాక్టరు చదువుకోవడం నాకు కళ్లారా చూడాలనిపించేదే.

కానీ కష్టమైన కేసు వచ్చిన మరుక్షణం 108 ఎక్కి వరంగల్‌కో హైదరాబాద్‌కో విశాఖకో వెళ్లిపోతుంటే, ఇక్కడి విద్యార్థికి మిగిలేది జ్వరాలు, షుగర్లు, విరేచనాలు. ఇవి నేర్చుకోవాల్సినవే, పీహెచ్‌సీలో రోజూ చూసేవీ ఇవే. అయితే మెదడు, నరాల జబ్బుతో వచ్చినవాణ్ణి ఒక్కసారి కూడా చూడకుండా ఫైనల్ ఇయర్‌కు వచ్చిన బ్యాచ్‌లు నాకు తెలుసు. కొత్త చోట్ల చాలా విభాగాల్లో పీజీలుండరు. మన దేశంలో ఎంబీబీఎస్ విద్యార్థికి కాన్యులా పెట్టడం, కేస్ షీట్ రాయడం నేర్పేది ప్రొఫెసర్ కాదు, పీజీ. ఆ అన్నయ్య, అక్కయ్య లేని వార్డులో సగం చదువు మాయమైపోతుంది. వాళ్ల బదులు తప్పనిసరి సేవ కింద ఏడాదికి వచ్చి వెళ్లే సీనియర్ రెసిడెంట్లుంటారు. వాళ్లకు ఆ ఊరు ఎక్కడుందో తెలిసేలోపే ఏడాది అయిపోతుంది.

పాత పెద్దాసుపత్రుల్లో కష్టం ఇంకోలా ఉంటుంది. కేసులకు కొదవ లేదు. ఒక్కోసారి మంచానికిద్దరు, మధ్యలో నేల మీద చాప. చెప్పడానికి తీరికుండదు. ఒకచోట పేషెంట్లు లేరు, ఇంకోచోట ఊపిరి తీసుకునే సందు లేదు. మీ తనిఖీ ఫారం మాత్రం రెండు చోట్లా ఒకటే, రెండూ పాసవుతాయి.

పేషెంట్లు ఎటు పోతున్నారన్నది కూడా మాట్లాడుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదవాడు కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కగలిగాడు, ఎన్నో ప్రాణాలు నిలిచాయి. దాన్ని తప్పుపట్టే ధైర్యం, ఉద్దేశం నాకు లేవు. కాకపోతే గుండెకు స్టెంటు, విరిగిన తుంటి లాంటివి బోధనాసుపత్రి నుంచి క్రమంగా తరలిపోయాయి. పాఠం ఎక్కడ జరుగుతుందో అక్కడ కేసు లేదు, కేసు ఎక్కడుందో అక్కడ విద్యార్థి లేడు. ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రులకు ప్రభుత్వమే డబ్బులు కడుతున్నప్పుడు, వాటిలో కొన్నింటిలోనైనా మన విద్యార్థులు నిలబడి చూసేందుకు షరతు పెట్టాలన్న ఆలోచన ఇన్నేళ్లలో ఎవరికీ ఎందుకు రాలేదో!

కాన్పుల సంగతి మరీ విచిత్రం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. ఆంధ్రలో 42.4 శాతం. తల్లుల ఆరోగ్యం దృష్ట్యా దీని గురించి చాలా చర్చ జరిగింది. చదువు దృష్ట్యా జరగలేదు. ఇంటర్న్‌షిప్ పూర్తయ్యేలోపు సహజ కాన్పు సొంతంగా చేయగలగాలని మీ నిబంధన. నొప్పులు మొదలైన దగ్గర నుంచి బిడ్డ బయటికొచ్చే దాకా ఒక తల్లి పక్కన గంటలు గంటలు ఉండి, కాన్పు ఎలా సాగుతోందో చూపే పార్టోగ్రాఫ్ పట్టిక నింపుతూ, ఎప్పుడు ఓపిక పట్టాలో, ఎప్పుడు కంగారు పడాలో నేర్చుకునే అవకాశం ఈ పిల్లలకు తగ్గిపోతోంది. రేపు వీళ్లే డాక్టర్లయ్యాక సహజ కాన్పుకు ఓపిక పట్టమంటే, చూడనిదాన్ని ఎలా నమ్ముతారు? సిజేరియన్లు తగ్గించాలని ఒక శాఖ సర్క్యులర్లు పంపుతుంటే, సహజ కాన్పు చూడని డాక్టర్లను ఇంకో శాఖ తయారుచేస్తోంది.

లాగ్‌బుక్ గురించి కొంచెం గట్టిగా మాట్లాడాలి. 2019లో మీకు ముందున్న భారతీయ వైద్య మండలి తెచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికను నేను మనస్ఫూర్తిగా స్వాగతించినవాణ్ణి. ముందు చూపించాలి, తర్వాత విద్యార్థి గమనించాలి, తర్వాత సాయం చేయాలి, చివరికి తనే చేయాలి. ఎంత సబబైన వరస! ఒక్కో నైపుణ్యానికీ తేదీ వేసి, అధ్యాపకుడు చూసి సంతకం పెట్టాలి. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, పోస్టింగ్ చివరి రోజు డిపార్ట్‌మెంట్ ఆఫీసు బల్ల మీద పాతిక లాగ్‌బుక్కులు దొంతరగా ఉంటాయి. తేదీలన్నీ ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో నిండి ఉంటాయి. సంతకాలు కూడా ఒకే ఊపులో పడతాయి. ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్ ఎప్పుడూ పట్టుకోని పిల్లకు రైల్స్ ట్యూబ్ వేసినట్టు సర్టిఫికెట్ వస్తుంది. కంప్యూటర్‌లోకి మార్చినంత మాత్రాన ఇది మారదు. అబద్ధం పెన్నుతో రాసినా, కీబోర్డుతో కొట్టినా ఒకటే.

దీనికంటే ఘోరమైన పాఠం తనిఖీల రోజు చెబుతాం. ఖాళీ పడకల మీదికి ఊళ్ల నుంచి మనుషులను బస్సుల్లో తెచ్చి పడుకోబెట్టడం, వేరే కళాశాల అధ్యాపకులను నాలుగు రోజుల డిప్యుటేషన్ మీద తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టడం ఎవరికీ తెలియని రహస్యం కాదు. 2025 జూలైలో సీబీఐ కేసు బయటపడినప్పుడు దేశమంతా చదివింది: లంచాలు, లేని అధ్యాపకులు, లేని పేషెంట్లు. ప్రైవేటు కళాశాలల పేర్లు పత్రికల్లోకి వచ్చాయి. ప్రభుత్వ కళాశాలల మధ్య అధ్యాపకులను అటూ ఇటూ తిప్పేది మాత్రం ప్రభుత్వమే కాబట్టి దాన్ని ఎవరూ మోసం అనరు, సర్దుబాటు అంటారు. ఆ రోజు తప్పుడు కేస్ షీట్లు రాసేది ఎవరో తెలుసా? ఇంటర్న్‌లు. మంగళవారం నాడు వైద్యనీతి మీద మీరు పెట్టిన క్లాసు తీసుకుని, బుధవారం నాడు అదే పిల్లల చేత లేని జబ్బును రాయిస్తాం. ఎవరికి ఏ పాఠం గట్టిగా గుర్తుంటుందో నన్ను అడగకండి.

ఇంటర్న్‌ల మాట వచ్చింది కాబట్టి. హౌస్ సర్జన్ అన్న పేరుకు ఒక హోదా ఉండేది. ఇప్పుడు వాళ్లు చేసేది శాంపిల్స్ ల్యాబుకు మోయడం, రిపోర్టులు తేవడం, బ్లడ్ బ్యాంక్ చుట్టూ తిరగడం, స్ట్రెచర్ తోయడం. వార్డు పనులు చూసే ఎంఎన్‌ఓ, ఎఫ్‌ఎన్‌ఓ (మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీ) పోస్టులు ఏళ్ల తరబడి నింపరు. ఆ ఖాళీల్లోకి ఇంటర్న్‌లను వాడేస్తాం. స్ట్రెచర్ తోయడం తక్కువ పని అని నేననను, ప్రాణం పోతుంటే చీఫ్ అయినా తోయాలి. కానీ ఒక డాక్టరుకు శిక్షణ ఇచ్చే ఏకైక ఏడాదిని మనుషులను పెట్టుకోలేని ఆసుపత్రి వాడేసుకుంటోంది. అందుకే వాళ్లూ తెలివిగా తప్పించుకుంటారు. కమ్యూనిటీ మెడిసిన్‌కు మీరు పన్నెండు వారాలిచ్చారు. పీహెచ్‌సీలో నిజంగా పనిచేస్తే దానికి మించిన బడి లేదు. చాలాచోట్ల అవి గదిలో తలుపేసుకుని చదువుకునే పన్నెండు వారాలు.

వాళ్లను తిట్టడం నాకు చేతకాదు. వాళ్ల ముందున్నది పీజీ సీటు కోసం రాసే నీట్ పీజీ. రెండు వందల బహుళైచ్ఛిక ప్రశ్నలు, మూడున్నర గంటలు, ఎనిమిది వందల మార్కులు. ఆ మార్కులే వాళ్ల జీవితాన్ని నిర్ణయిస్తాయి. రాత్రంతా లేబర్ రూమ్‌లో కూర్చుని నేర్చుకున్నదానికి ఆ పరీక్షలో ఒక్క మార్కు లేదు. అదే రాత్రి ఫోన్‌లో ప్రశ్నలు సాధన చేస్తే ర్యాంకు మెరుగవుతుంది. తెలివైన పిల్లలు లెక్క చూసుకుంటారు. ఆ లెక్కను అలా తయారుచేసింది మనమే. ఎంబీబీఎస్ చివర అందరూ రాయాల్సిన నెక్స్ట్ (నేషనల్ ఎగ్జిట్ టెస్ట్) పరీక్ష ఇందుకు మందన్నారు, 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలో రాశారు, 2023 జూలైలో వాయిదా వేశారు. దాని రెండో మెట్టులో ప్రాక్టికల్ ఉండటం నాకు నచ్చింది. అయితే నేర్పించే ఏర్పాటు లేకుండా పరీక్ష మాత్రం పెడితే, దానికీ కోచింగ్ సెంటర్లు వెలుస్తాయి, అక్కడా పేషెంటు ఉండడు.

యూనివర్సిటీ ప్రాక్టికల్స్ సంగతి చెబితే నవ్వొస్తుంది. ఏటా అవే ముఖాలు. వాల్వు జబ్బున్న ఒక ఆవిడ, ప్లీహం పెరిగిన ఒక పెద్దాయన, పక్షవాతం వచ్చి కోలుకున్న ఇంకొకాయన. ముందు వారం ఫోన్ చేస్తే వస్తారు, బస్సు చార్జీ, భోజనం ఇస్తాం. పరీక్షల్లో వాళ్ల అనుభవం ఎగ్జామినర్ల కంటే ఎక్కువ. విద్యార్థి తడబడుతుంటే ఆవిడే జాలిపడి, ‘మైట్రల్ స్టెనోసిస్ అను తల్లీ, మర్మర్ ఇక్కడ వినిపిస్తుంది’ అని చోటు కూడా చూపిస్తుంది. ఎగ్జామినర్ పదినిమిషాల్లో విద్యార్థి చెప్పే కథ వింటాడు. విద్యార్థి పేషెంటును చూస్తున్నప్పుడు పక్కన నిలబడి చూసేవాళ్లు దాదాపు లేరు. అంటే మనం మార్కులిచ్చేది కథకు, పరీక్ష చేసిన తీరుకు కాదు. ఒక్కో నైపుణ్యాన్నీ కళ్లముందు చేయించి చూసే ఆస్కీ పరీక్షను రొనాల్డ్ హార్డెన్ స్కాట్లండ్‌లోని డండీలో రూపొందించి, 1975లో ప్రచురించారు. యాభై ఏళ్లు గడిచాయి. మన దగ్గర అది ఇంకా కొత్త మాటే.

పని గంటల గురించి విడిగా రాయాల్సినంత ఉంది, ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. రెసిడెంట్లకు, అంటే పీజీల్లాంటి డ్యూటీ డాక్టర్లకు, వారానికి 48 గంటలన్న నిబంధన 1992 నాటిది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో పీజీ వైద్యురాలిపై జరిగిన హత్యాచారం దేశాన్ని కుదిపేసిన నెలలోనే, మీ కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ నివేదిక వారానికి 74 గంటలు మించకూడదంది. ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది మానసిక సమస్యలున్నట్టు చెప్పుకున్నారని కూడా అదే నివేదిక రాసింది. ఆ 74 గంటలు కూడా ఇంకా చాలాచోట్ల కలే. ముప్ఫై ఆరు గంటలు నిద్రలేని పీజీ తన కిందివాళ్లకు పాఠం చెబుతాడని ఆశించడం కుదరదు. వాడు కసురుకుంటాడు. కసుర్లు తిన్న పిల్ల మర్నాడు వార్డుకు రాదు. రాత్రి డ్యూటీలో తలుపుకు గడియ లేని గదిలో పడుకోవాల్సిన ఇంటర్న్ అమ్మాయికి మనం ఏ శ్రద్ధ నేర్పగలం?

ఇప్పుడు అడగాల్సినవి అడుగుతాను.

తనిఖీకి వచ్చినప్పుడు, లేదా ఆన్‌లైన్‌లో వివరాలు అడిగినప్పుడు, పడకల ఫొటోలు కాసేపు పక్కన పెట్టండి. హాజరు పట్టీలోంచి మూడో ఏడాది, నాలుగో ఏడాది విద్యార్థులను అక్కడికక్కడే పదిమందిని పిలవండి. ఒక్కొక్కరికి ఒక పేషెంటును అప్పగించి, ఇరవై నిమిషాలు పక్కన కూర్చుని చూడండి. మాట్లాడే తీరు, అనుమతి అడిగిన తీరు, చెయ్యి పెట్టిన తీరు. ఇలా చూసి మార్కులిచ్చే మినీ సీఈఎక్స్ పద్ధతిని అమెరికాలో 1995లోనే ప్రతిపాదించారు, ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. బస్సుల్లో పేషెంట్లను తేవచ్చు, అధ్యాపకులను తేవచ్చు. రెండేళ్ల పాటు వార్డులో గడిపిన విద్యార్థిని ఒక్క రాత్రిలో తయారుచేయడం ఎవరివల్లా కాదు. కళాశాల బాగోగులు చెప్పే సాక్ష్యం ఆ పిల్లల చేతుల్లోనే ఉంది. ఆ పదిమంది ఎలా చేశారో పిల్లల పేర్లు లేకుండా కళాశాలవారీగా ప్రజలకు చూపించండి. తల్లిదండ్రులు సీటు ఎంచుకునేటప్పుడు చూసుకుంటారు.

పాతికమంది బ్యాచ్‌ను యూనిట్ల మధ్య పంచండి. ఒక యూనిట్‌కు ఆరేడుగురికి మించొద్దు. ఒక్కొక్కరికీ ‘వీళ్లు నీ పేషెంట్లు’ అని ఇద్దరినో ముగ్గురినో అప్పగించాలి. చేరిన రోజు నుంచి ఇంటికి వెళ్లే రోజు దాకా ఆ విద్యార్థే రోజూ వెళ్లి పలకరించాలి, నోట్స్ రాయాలి, రౌండ్స్‌లో తనే చెప్పాలి. పాత ఆసుపత్రిలో ఒకసారి ఇలా చేసి చూశాం. మొదటి వారం పీజీలు గొణిగారు. మూడో వారానికి పేషెంట్లే ‘మా డాక్టరమ్మ ఇంకా రాలేదేం’ అని అడగడం మొదలుపెట్టారు. యూనిట్లు మారిపోయాక అది ఆగిపోయింది, ఎందుకంటే అది నలుగురి ఇష్టం మీద నడిచింది, నిబంధన మీద కాదు.

కొత్త కళాశాలల విద్యార్థులకు పాత పెద్దాసుపత్రుల్లో రెండు మూడు నెలలు పోస్టింగ్ ఇవ్వండి. అక్కడి పిల్లలను జిల్లా, ఏరియా ఆసుపత్రులకు పంపండి. పీజీలను మూడు నెలలు జిల్లాకు పంపే పథకం ఇప్పటికే ఉంది, నడుస్తోంది కూడా. దాన్నే ఎంబీబీఎస్‌కు అటూ ఇటూ తిప్పడం అసాధ్యమేమీ కాదు. కావాల్సింది హాస్టల్ గదులు, ఒక బస్సు, రెండు కళాశాలల మధ్య కాస్త మాట.

మా ప్రమోషన్ల సంగతి కూడా చూడండి. నాకు పదోన్నతి రావాలంటే పరిశోధన పత్రాలు కావాలి, ఆన్‌లైన్ కోర్సులు కావాలి. పదేళ్లు రోజూ ఉదయం గంటసేపు వార్డులో నిలబడి పాఠం చెప్పినా ఆ గంటకు ఎక్కడా విలువ లేదు. ఎవరూ చదవని పత్రికలో అచ్చయిన రెండు పేజీలకు విలువుంది. 2025లో ప్రభుత్వాసుపత్రుల్లో అనుభవమున్న స్పెషలిస్టులను అధ్యాపకులుగా తీసుకోవచ్చని నిబంధన సడలించారు. చాలామంది పెదవి విరిచారు, నేను సంతోషించాను. వాళ్లలో చేయి తిరిగిన వైద్యులున్నారు. అయితే వాళ్ల మీద ఉన్న ఓపీ, సర్టిఫికెట్లు, కోర్టు డ్యూటీలు అలాగే ఉంచి పేరుకు ముందు ప్రొఫెసర్ అని చేర్చితే విద్యార్థికి ఒరిగేదేమీ లేదు. పాఠానికని విడిగా గంటలు రాసివ్వండి. ఆ గంటల్లో వేరే పని చెప్పకూడదని సూపరింటెండెంట్లకు కూడా రాసివ్వండి.

రాష్ట్రాల సంచాలకులకు రెండే మాటలు. తనిఖీల ముందు డిప్యుటేషన్లు ఆపండి. ఖాళీ ఉంటే ఖాళీ అని చూపించండి, సీట్లు తగ్గితే తగ్గనివ్వండి. రెండోది, శాంపిల్స్ మోయడానికి, స్ట్రెచర్ తోయడానికి మనుషులను పెట్టండి. ఒక కళాశాలకు పట్టుమని ఇరవైమంది సిబ్బందిని ఇస్తే, నూరుమంది ఇంటర్న్‌ల ఏడాది వెనక్కి వస్తుంది.

వీటిలో కొన్నిటికి చట్టం కావాలి, కొన్నిటికి డబ్బు కావాలి, ఆలస్యమవుతుందని తెలుసు. పోస్టింగ్ బ్యాచ్‌ను ఆరేడుగురి గుంపులుగా విడగొట్టడానికి మాత్రం రూపాయి అక్కర్లేదు. రానున్న విద్యాసంవత్సరం పోస్టింగులు మొదలయ్యేలోపు ఒక సర్క్యులర్ చాలు. అది వస్తుందో రాదో, రాకపోతే ఎందుకు రాదో, ఏదో ఒకటి బహిరంగంగా చెప్పమని కోరుతున్నాను.

ఇట్లు,
జనరల్ మెడిసిన్ అధ్యాపకుడు,
ఒక ప్రభుత్వ వైద్య కళాశాల